రెండు రూపాయల బూట్లు: 1956-57 సీజన్, హైదరాబాద్ ఫుట్‌బాల్, కులం

అశోక్‌నగర్ గల్లీల్లో తెల్లవారకముందే పిల్లలు పరుగుకు బయల్దేరతారు. పాలమూరు, నల్లగొండ, ఖమ్మం, ఆదిలాబాద్ జిల్లాల పిల్లలు. చిన్న చిన్న గదుల్లో నలుగురైదుగురు కలిసి కిరాయికి ఉంటారు. పరుగైపోయాక చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి పోయి కుర్చీ పట్టుకోవాలి. వాళ్లలో మన వాడల నుంచి వచ్చినవాళ్లు తక్కువేం కాదు. గ్రూప్స్ కొట్టాలని కొందరి ఆశ. కానిస్టేబుల్ కొలువు వచ్చినా చాలని ఇంకా ఎక్కువమంది ఆశ. ఆ కొలువుకు పరీక్ష రాస్తే సరిపోదు. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలి. ఉరకాలంటే షూస్ కావాలి. గది కిరాయి, మెస్సు బిల్లు కట్టాక షూస్ కొనడానికి ఏం మిగులుతుందో ఆ పిల్లలకే తెలుసు.

ఇదే పట్నంలో ఒకప్పుడు బంతి బాగా ఆడితే పోలీసు కొలువు వచ్చేది. ఆడడానికి అప్పుడూ బూట్లే కావాల్సి వచ్చింది. ఎన్ని కప్పులు గెలిచారు, ఎన్ని గోల్స్ కొట్టారు అనే లెక్క మన ఆటల చరిత్రలో ఉంది. ఆ కాళ్లకు బూట్లు ఎక్కడివి, కుట్టిందెవరు అనే ప్రశ్న మాత్రం లేదు. ఆ ప్రశ్న అడగడానికే ఈ వ్యాసం.

కొలువు కోసం ఆట

హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. 1950 డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తా మోహన్ బగాన్‌ను ఓడించింది. కలకత్తా క్లబ్బుల వెనుక పెద్దమనుషులు, చందాలు, వేలాది అభిమానులు ఉండేవాళ్లు. హైదరాబాద్ జట్టు వెనుక ఉన్నది పోలీసు శాఖ జీతం. పేరుకు అది అమెచ్యూర్ ఆటే. కానీ బీదింటి పిల్లగానికి ఆటే కొలువైనప్పుడు, నెలనెలా జీతం తెచ్చేదైనప్పుడు, దాన్ని వృత్తి అనక ఏమనాలి?

ఆటగాళ్లలో ఎక్కువమంది ముస్లింలు. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత ఈ రాజ్యంలో ముస్లింల ప్రభుత్వ కొలువులు పెద్ద ఎత్తున పోయాయి. ఆ దెబ్బ తగిలిన రెండేండ్లకే హైదరాబాద్ పోలీసు జట్టు ఢిల్లీ, బొంబాయి పోయి కప్పులు తెచ్చింది. క్రీడా వ్యాసాలు దీన్ని 'స్వర్ణయుగం' అని ఒక్క మాటలో తేల్చేస్తాయి. ఎవరి స్వర్ణయుగం? ఆ కుటుంబాలకు అది ముందు తిండి సంగతి, ఆ తర్వాతే పేరు.

ఈ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. 1909లో పుట్టాడు. ఉస్మానియాలో చదివాడు. నారాయణగూడకు ఆనుకునే ఉన్న కాచిగూడ మిడిల్ స్కూల్లో, తర్వాత చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పాడు. 1943 నుంచి 1963 జూన్‌లో క్యాన్సర్‌తో చనిపోయేదాకా పోలీసు జట్టు తర్ఫీదు ఆయనదే. డ్రిబ్లింగ్ లేకుండా ఆడే పోటీలు పెట్టాడు. బంతి కాలికి తగలంగానే పక్కవాడికి అందించాలి. ఒక్కడి గారడీ కన్నా పదకొండుమంది కూడి ఆడడం ముఖ్యమని నేర్పాడు. బలం లేని కాలితో కూడా కొట్టడం అలవాటు చేయించాడు. పొట్టి పిల్లలు వెనుకబడి పోకుండా ఎత్తును బట్టి వేరే పోటీలు పెట్టించాడు. ఒక బడిపంతులు మాత్రమే ఆలోచించగల పద్ధతులివి.

చాదర్‌ఘాట్ అనంగానే మనకు ఆది హిందూ భవన్ యాదికొస్తుంది. భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి ఇసామియా బజార్, లింగంపల్లి వంటి చోట్ల మన పిల్లలకు బడులు పెట్టించాడు. అంటే ఈ నారాయణగూడ, కాచిగూడ, చాదర్‌ఘాట్ చుట్టుపక్కలనే, ఒక తరం తేడాతో, ఇద్దరు మనుషులు బీదపిల్లలను చేరదీసే పని చేశారు. ఒకరి పేరు దళిత చరిత్రలో ఉంది. ఇంకొకరి పేరు ఆటల చరిత్రలో ఉంది. రెండు చరిత్రలను పక్కపక్కన పెట్టి చదివినవాళ్లు మాత్రం అరుదు.

వట్టికాళ్లు, బూటుకాళ్లు

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత జట్టు 10-1తో ఓడింది. మన ఆటగాళ్లలో పలువురు వట్టికాళ్లతో ఆడారు. ఆ తర్వాత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. 1911లో మోహన్ బగాన్ తెల్ల పటాలం జట్టును వట్టికాళ్లతో ఓడించి ఐఎఫ్ఎ షీల్డ్ గెలిచిన కథ అందరికీ తెలిసిందే. అప్పటి నుంచి వట్టికాళ్లంటే దేశభక్తి అన్నట్టు రాశారు.

కానీ వట్టికాళ్లు అందరికీ ఒకటేనా? తెలంగాణ ఊళ్లలో చెప్పులు కుట్టింది మాదిగలు. చచ్చిన గొడ్డును మోసుకొచ్చి, తోలు ఒలిచి, లందలో సున్నంలో నానబెట్టి, తంగెడు చెక్కతో పదును చేసి, ఆరె, రంపె పట్టి చెప్పు చేసేది వాళ్లే. దొరకు చెప్పులు, మోటకు తొండం, బొక్కెన వెట్టి కింద ఊరికే ఇచ్చుకోవాలి. ఇన్ని చేసినోడు గడి ముందు నుంచి పోయేటప్పుడు తన చెప్పులు తాను చేతబట్టుకొని నడవాలి. మైదానంలో వట్టికాళ్లు కొందరికి ఇష్టం, కొందరికి అలవాటు. ఊళ్లో వట్టికాళ్లు మాత్రం ఆజ్ఞ. ఈ తేడా తెలియకుండా వట్టికాళ్ల వీరగాథలు రాస్తే అది సగం చరిత్రే.

బూట్లు తప్పనిసరి కాంగానే ఆట ఖర్చు పెరిగింది. బీదింటి పిల్లలు ఏం చేశారు? తులసీదాస్ బలరాం చెప్పుకున్న జ్ఞాపకంలో దీనికి జవాబుంది. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో బీద తమిళ కుటుంబంలో 1936లో పుట్టాడు. బూట్లు కొనే స్తోమత లేదు. పోలీసులు వాడి పారేసిన పాత బూట్లను ఒక చెప్పులు కుట్టే మనిషికిచ్చి, రెండు రూపాయలకు ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్నాడు. తర్వాత ఆ పిల్లగాని ఆట రహీం కండ్లబడ్డది. అమ్ముగూడ నుంచి పట్నం దాకా రోజూ వచ్చిపోవడానికి పైసలు లేవంటే, సైకిల్ కిరాయి రహీమే ఇచ్చాడని బలరామే చెప్పాడు.

ఈ కథను పత్రికలు చాలాసార్లు రాశాయి. బలరాం పట్టుదలకు, రహీం పెద్దమనసుకు సాక్ష్యంగా రాశాయి. రెండూ నిజమే. కానీ ఈ కథలో మూడో మనిషి ఉన్నాడు. పాత పోలీసు బూటు అట్ట విప్పి, మడమ దించి, మైదానంలో జారకుండా అడుగున పట్టు చేసి, పరుగెత్తే కాలికి సరిపడా మళ్లీ కుట్టిన మనిషి. అది మామూలు మరమ్మతు కాదు. కవాతు కోసం చేసిన బూటును ఆట కోసం మార్చాలంటే కాలి కదలిక తెలిసుండాలి, తోలు స్వభావం తెలిసుండాలి. ఈ విద్యకు పేరు లేదు. ఆ మనిషికీ పేరు లేదు.

ఇంకో సంగతి గమనించాలి. ఊళ్లో వెట్టి కింద పోయే పనికి ఇక్కడ రెండు రూపాయలు నగదు ముట్టింది. పట్నం వెట్టిని తెంపింది గానీ పేరునివ్వలేదు. అంబేడ్కర్ ఊరును ఎందుకు నమ్మవద్దన్నారో, పట్నానికి పొమ్మని ఎందుకన్నారో ఈ రెండు రూపాయల్లో అర్థమవుతుంది. పట్నంతో కూడా పని పూర్తి కాదనీ అర్థమవుతుంది.

బంతి సంగతీ అంతే. 1947 విభజన తర్వాత సియాల్‌కోట్ ఆట సామాన్ల పని సరిహద్దు దాటి జలంధర్‌కు వచ్చింది. అక్కడి దళిత బస్తీల్లో ఆడా మగా ఇంట్లో కూర్చొని తోలు ముక్కలు కలిపి బంతులు కుట్టారు. కాలికింది బూటూ మనదే, కాలిముందరి బంతీ మనదే. ఆట మాత్రం ఎవరిదో అన్నట్టు చదివాం.

1956

ఆ ఏడాది నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రం పటం మీద లేకుండా పోయింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. కానీ 1956-57 సంతోష్ ట్రోఫీని గెలిచింది హైదరాబాద్ పేరు మీది జట్టే, ఫైనల్లో బొంబాయిని ఓడించి. రాష్ట్రం పోయినా జట్టు పేరు నిలిచింది. మరుసటి ఏడు కూడా ట్రోఫీ ఇక్కడే ఉంది. రైడర్స్ క్లబ్‌కు ఆడిన బలరాం 1956-57 విజేత జట్టులో ఉన్నాడు.

నవంబరు చివర, డిసెంబరు మొదట్లో మెల్బోర్న్ ఒలింపిక్స్. కోచ్ రహీం. జట్టులో హైదరాబాద్ పిల్లలు బలరాం, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్. డిసెంబరు 1న ఆస్ట్రేలియా మీద 4-2తో గెలిచారు. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. డిసెంబరు 4న సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో 4-1తో ఓడారు. డిసెంబరు 7న కంచు పతకం ఆటలో బల్గేరియా చేతిలో 3-0తో ఓడి నాలుగో స్థానంలో నిలిచారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఇండియా అంతకన్నా పైకి ఎన్నడూ పోలేదు.

ఆ తేదీలు మనకు వేరే కారణంగా గుర్తు. డిసెంబరు 6న ఢిల్లీలో బాబాసాహెబ్ అంబేడ్కర్ కన్నుమూశారు. బల్గేరియాతో ఆట జరిగిన డిసెంబరు 7నే బొంబాయి దాదర్‌లో లక్షల జనం మధ్య అంత్యక్రియలు జరిగాయి. ఈ రెంటికీ సంబంధం అంటగట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఒకే దేశం, ఒకే వారం. ఆటల పుస్తకంలో ఆ వారం మెల్బోర్న్ మాత్రమే. మన పుస్తకంలో దాదర్ మాత్రమే. పాత బూటు కుట్టిన మనిషి ఈ రెండు వార్తలకూ చెందినవాడు. అతణ్ని వెతికితే గానీ ఈ రెండు పుస్తకాలు కలవవు.

వాషింగ్టన్ ఉదాహరణ

ఆటలో ప్రతిభే చాలు, కులం లెక్కలెందుకని అడిగేవాళ్లుంటారు. వాళ్లకు అమెరికా నుంచి ఒక సీజన్ చూపించాలి. అమెరికా ఫుట్‌బాల్ అంటే మన ఆట కాదు, బంతిని చేత్తో పట్టుకుని ఉరికే ఆట. ఆ ప్రొఫెషనల్ లీగులో 1934 నుంచి 1945 దాకా నల్లవాళ్లు లేరు. 1946 నుంచి ఒక్కొక్క జట్టే తలుపు తీసింది. వాషింగ్టన్ జట్టు యజమాని జార్జ్ ప్రెస్టన్ మార్షల్ మాత్రం 1961 దాకా ఒక్క నల్ల ఆటగాణ్ని కూడా తీసుకోలేదు. 1961 సీజన్‌లో ఆ తెల్ల జట్టు 14 ఆటలు ఆడి గెలిచింది ఒక్కటే. 12 ఓడింది, ఒకటి సమం. ఇదీ వాళ్ల ప్రతిభ!

తలుపు ఎట్లా తెరుచుకుంది? మార్షల్ మనసు మారి కాదు. కొత్త స్టేడియం ఫెడరల్ ప్రభుత్వ భూమిలో ఉంది. వివక్ష మానకపోతే ఆ మైదానంలో ఆడనియ్యమని మంత్రి స్టీవర్ట్ యుడాల్ హెచ్చరించాడు. 1962లో బాబీ మిచెల్ తదితరులు వచ్చారు. ఆ ఏడు జట్టు ఐదు ఆటలు గెలిచింది. పాస్‌లు అందుకోవడంలో మిచెల్ లీగు మొత్తంలో మొదటివాడు. ఆదివాసులను కించపరిచే ఆ జట్టు పేరు మారడానికి మాత్రం 2020 దాకా ఆగాల్సి వచ్చింది.

మనకు ఇందులో పాఠం ఏమిటంటే, మైదానం ప్రజల భూమి. ప్రజల భూమి మీద ఆడే ఆటకు, ప్రజల పైసలతో నడిచే కొలువుకు షరతు పెట్టే హక్కు ప్రజలకుంది. రిజర్వేషన్ అంటే అదే.

ఎవరు ఎవర్ని లెక్కబెట్టారు

1957లో బలరాం కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు పోయాడు. ఆ తర్వాత కూడా హైదరాబాద్ నుంచి మంచి ఆటగాళ్లు కలకత్తా బాట పట్టారు. కానిస్టేబుల్ జీతం క్లబ్బు పైసలతో ఎట్లా పోటీ పడుతుంది? సిటీ పోలీస్ జట్టు ఆంధ్ర పోలీస్ అయింది. 1961 డ్యూరాండ్ కప్ గెలిచింది. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో రహీం తర్ఫీదిచ్చిన భారత జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చింది. తొమ్మిది నెలలకే రహీం పోయాడు. ఇక్కడి ఫుట్‌బాల్ మళ్లీ ఆ స్థాయికి లేవలేదు.

ఆ కాలపు ముగ్గురు ఫార్వర్డ్‌ల పేర్లు ఎప్పుడూ కలిపే చెబుతారు: పి.కె.బెనర్జీ, చునీ గోస్వామి, బలరాం. గోస్వామికి 1983లో, బెనర్జీకి 1990లో పద్మశ్రీ వచ్చింది. బలరాంకు అర్జున అవార్డుతోనే సరిపెట్టారు. పద్మశ్రీ రాకుండానే 2023 ఫిబ్రవరిలో పోయాడు. 2024లో రహీం మీద 'మైదాన్' సినిమా వచ్చింది. ఆలస్యంగానైనా పంతులుకు తెరమీద చోటు దొరికింది. చెప్పులు కుట్టినోడికి అదీ లేదు.

కాబట్టి మన విద్యార్థులకు ఒక పని ఉంది. అమ్ముగూడ, కంటోన్మెంటు బజార్లు, పాత పోలీసు లైన్ల దగ్గర బూట్లు కుట్టిన కుటుంబాల ముసలోళ్లు ఇంకా దొరకొచ్చు. ఎవరి బూట్లు కుట్టారు, ఎంత తీసుకున్నారు, ఆటకు పోయి చూశారా, లోపలికి రానిచ్చారా అని అడిగి రాసుకోవాలి. ఇది పదేండ్లు ఆగే పని కాదు. మనుషులు పోతున్నారు.

అశోక్‌నగర్ పిల్లలు చదివే గైడుల్లో 1962 ఆసియా క్రీడల ఫుట్‌బాల్ కోచ్ ఎవరు అనేది ఒక బిట్టు. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తు పెడితే ఒక మార్కు. ఆ బూట్లు ఎవరు కుట్టారు అనే బిట్టు ఏ గైడులోనూ రాదు. ఆ ప్రశ్న మనమే తయారుచేయాలి, జవాబు కూడా మనమే వెతకాలి.