దారికడ్డంగా వెదురుబొంగు

చైత్రమాసంలో ఒడిశాలోని కొరాపుట్ జిల్లా జయపురం నుంచి మల్కన్‌గిరి వైపు వెళ్ళే డ్రైవర్లు జేబులో చిల్లర ఉంచుకోవడం మంచిది. బొయిపరిగుడ చుట్టుపక్కల ఏ మలుపులోనైనా రోడ్డుకు అడ్డంగా ఓ వెదురుబొంగో, తాడో కనిపించవచ్చు. వెనకాల ఆడవాళ్ళు, పిల్లలు, డప్పు. చైత పర్వం రోజులవి. ఏదో ఒకటి చేతిలో పెడితే గాని బొంగు లేవదు. లారీ అయినా జీపైనా ఒకటే లెక్క.

అరకు, పాడేరు వైపు వెళ్ళినవాళ్ళకు ఇది కొత్త కాదు. అక్కడ ఇదే కాలంలో ఇటుకల పండుగ. మగవాళ్ళు వేటకు పోతారు, వట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ళు పేడనీళ్ళు చల్లి ఏడిపిస్తారు, రోడ్ల మీద గేట్లు కట్టి ధింసా ఆడుతూ వసూళ్ళు చేస్తారు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా కొరాపుట్ అంతా విశాఖపట్నం ఏజెన్సీలోదే కదా. మద్రాసు ప్రభుత్వం పోయినా, మధ్యలో రాష్ట్రాల గీత పడినా పండుగ రెండు వైపులా అలాగే ఉంది.

ఆ గేటు డబ్బు ఊరి విందుకు పోతుంది. విందు చూసేవాళ్ళే ఊరి పనులూ చూస్తారు. హైదరాబాదులో కాలనీ సంక్షేమ సంఘం వీధి గుంతలూ తనే పూడ్పిస్తుంది, వినాయకచవితి పందిరీ తనే వేయిస్తుంది. కొరాపుట్ కొండ ఊళ్ళలో అలాంటి సంఘం చాలా పాతది. రిజిస్టరు నంబరు లేదు, రబ్బరు స్టాంపు లేదు. పెద్దగా నాయక్, ఆయన కింద ఛలాన్, కబురు తిప్పడానికి బారిక్, ముహూర్తం చెప్పడానికి దిసారి. గదబ తెగవాళ్ళ ఊళ్ళలో వీళ్ళంతా కూర్చునే రాతి దిమ్మెను సదర్ అంటారు. కాస్త దక్షిణాన బొండా కొండల్లో అలాంటిదే సిందిబొర్. మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1943లో ఈ రాళ్ళ మీద ప్రత్యేకంగా ఓ వ్యాసం రాశాడు. వెరియర్ ఎల్విన్ 1950లో బొండా తెగ మీద ఏకంగా పుస్తకమే వేశాడు. పండుగకు ఇంటింటికీ ఎన్ని మానికల బియ్యం, ఎవరి మేక, వాగు దాటే చోట ఎవరు రాళ్ళు మోయాలి అన్నీ తేలేది ఆ రాళ్ళ దగ్గరే.

బారిక్ పొద్దున్నే వీధిలో కేక వేస్తే ఇంటికొకరు పారో గొడ్డలో పట్టుకుని వస్తారు. ఊరి బలం అదే. పైవాళ్ళ కన్ను పడింది కూడా దాని మీదే.

జయపురం సంస్థానానికీ, మద్రాసు ప్రభుత్వానికీ కొండల్లో కూలీలు దొరకడం కష్టంగా ఉండేది. నాయక్‌ను పిలిచి ఇన్ని తలలు కావాలంటే చాలు, పని అయిపోయేది. దొరగారి సామాను మోయడానికి, బంగళా కప్పు నేయడానికి, ఘాటీ దారి వేయడానికి. వెట్టి అలా ఊరి కట్టుబాటులోంచే దూరింది. పండుగకు పిలిచిన బారిక్ గొంతే వెట్టికీ పిలిచేది. సంస్థానంలో శిస్తు వసూలు చేసే ముస్తాదారు కూడా చాలాచోట్ల ఊరి పెద్దే, అంటే రెండు పడవల మీద కాళ్ళున్న మనిషి.

ఇలా చాకిరీతో రోడ్లు వేయించడం ఇంగ్లీషువాళ్ళు ఇక్కడికొచ్చాక కనిపెట్టిందేం కాదు. వాళ్ళ దేశంలోనే 1555 నాటి చట్టం ప్రతి పారిష్‌లో జనం ఏడాదికి నాలుగు రోజులు రోడ్డు పని చేయాలంది. తర్వాత దాన్ని ఆరు రోజులు చేశారు. జనం తిట్టుకుంటూ చేశారు, చివరికి 1835లో ఎత్తేశారు. ఎత్తేసిన ఎనభై ఏళ్ళ తర్వాత కూడా మన మన్యంలో అది నడుస్తూనే ఉంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయిస్తూ కొండవాళ్ళను పిండిన తీరు తెలుగువారికి తెలిసిన కథే. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడడానికి ఉన్న కారణాల్లో ఆ రోడ్డొకటి. ఆ దండులో ముందు వరసలో నిలిచిన గాం గంటం దొర అంతకుముందు గ్రామాధికారం చేసినవాడే. పై వాళ్ళ పని చేయించాల్సిన మనిషే ఊరి వైపు తిరిగాడు.

బొయిపరిగుడ బ్లాకులోని తెంతులిగుమ్మలో అదే మరింత స్పష్టంగా జరిగింది. 1899 నవంబర్ 22న అక్కడ పుట్టిన లక్ష్మణ్ నాయక్ భూమియా తెగవాడు. తండ్రి పద్లామ్ నాయక్ సంస్థానం కింద ముస్తాదారు. ఆ పెద్దరికం కొడుక్కీ వచ్చింది. ఆయన మాత్రం దాన్ని కాంగ్రెసు పనికి వాడుకున్నాడు. పన్ను కట్టొద్దు, వెట్టికి పోవద్దు అని ఊరూరా చెప్పాడు. శిస్తుకు జనాన్ని కూడగట్టిన ఆ పద్ధతిలోనే 1942 ఆగస్టు 21న మథిలి పోలీసు స్టేషను దగ్గరికి వాళ్ళను నడిపించాడు. పోలీసులు కాల్పులు జరిపారు, మనుషులు చచ్చిపోయారు. ఆ గలాటాలో ఓ ఫారెస్టు గార్డు చనిపోతే హత్య నేరం నాయక్ మీద మోపి, 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరి తీశారు. ఇప్పుడు కొరాపుట్ మెడికల్ కాలేజీది ఆయన పేరే. ఆయన గురించి రాసేవాళ్ళు ఎక్కువగా గాంధేయవాదిగానే రాస్తారు. ఊరి పెద్దగా ఆయనకున్న పట్టు లేకపోతే అంతమంది ఆ రోజు కదిలి ఉండరన్న మాట మాత్రం తక్కువగా వినిపిస్తుంది.

స్వాతంత్ర్యం వచ్చాక వచ్చిన వాళ్ళకూ ఈ ఊరి సభ కంటపడింది. భూదానం కోసం 1951లో పోచంపల్లిలో మొదలుపెట్టిన నడక వినోబా భావేను 1955లో కొరాపుట్ చేర్చింది. ఇక్కడ ఎకరాలు కాదు, ఊళ్ళకు ఊళ్ళే దానంగా వచ్చాయి. జిల్లాలో ఆరు వందలకు పైగా గ్రామదానాలు. భూమి ఊరి సభ పేరిట, పనులు శ్రమదానంతో. సర్వోదయ కార్యకర్త అన్నాసాహెబ్ సహస్రబుద్ధే మకాం వేసి పునర్నిర్మాణం చూశాడు. కొన్నేళ్ళకు ఆ ఉత్సాహం చల్లారింది. రోడ్డు తవ్వడానికి కలిసొచ్చినంత సులువుగా పొలం వదులుకోవడానికి ఎవరూ కలిసి రారు మరి.

ఊళ్ళ రోడ్ల కోసం ప్రభుత్వ పథకంగా 2000 డిసెంబరులో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వచ్చింది. మైదానంలో 500 జనాభా, కొండ, గిరిజన ప్రాంతాల్లో 250 ఉంటేనే ఊరికి రోడ్డు. ఇరవై ఇళ్ళ గుంపుకు అంత జనాభా ఎక్కడ? తీవ్రవాద ప్రభావిత బ్లాకుల్లో తర్వాత 100కు దించారు. అయినా మిగిలిపోయిన ఊళ్ళు మిగిలే ఉన్నాయి. 2020లో సాలూరు మండలం కొదమ పంచాయతీ గిరిజనులు ఇంటింటికీ చందాలు వేసుకుని, కొండ తొలిచి ఒడిశా సరిహద్దు వైపు దారి వేసుకున్నారు. నటుడు సోనూసూద్ మెచ్చుకోవడంతో దేశమంతా తెలిసింది. చందా వేసుకోవడం, ఇంటికొకరు రావడం వాళ్ళు కొత్తగా నేర్చుకోలేదు. ఆ సంగతి వార్తల్లో రాలేదు.

ఊళ్ళు తామే వేసుకునే దారి బొయిపరిగుడ బ్లాకులోనూ ఒకటుంది. అక్కడ రామగిరి అడవి దాటాక గుప్తేశ్వర గుహ ఉంది. పక్కనే కొలాబ్ నది, తెలుగువాళ్ళకు శబరి. కూనవరం దగ్గర గోదావరిలో కలిసేది అదే. పదిహేడో శతాబ్దంలో జయపురం రాజు వీర విక్రమదేవ్ కాలంలో ఇక్కడ శివరాత్రి జాతర మొదలైందని చెబుతారు. అవతలి ఒడ్డు ఛత్తీస్‌గఢ్. జాతరకు ముందు అటువైపు ఊళ్ళవాళ్ళు వెదురు చాపలు అల్లి, బండరాళ్ళ మీద పరిచి నడకవంతెన వేస్తారు. బస్తర్ యాత్రికులకు అదే దగ్గర దారి. వానాకాలం వస్తే వంతెన ఉండదు. రాష్ట్రాల గీత నది మధ్యలోంచి పోతుంది గనక ఏ శాఖా ఇది నా పని అనదు. ఊళ్ళకు ఆ గీతతో పని లేదు.

అడవిలో పక్కా రోడ్డు కావాలంటే వెదురుతో కాదు, కాగితంతో మొదలుపెట్టాలి. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షన్ ప్రకారం బడి, అంగన్‌వాడీ, రోడ్డు వంటి పదమూడు రకాల ఊరి అవసరాలకు ఒక్కోదానికి హెక్టారు లోపు అడవి భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు. గ్రామసభ సిఫారసు లేనిదే అది కదలదు. మొదట్లో ఆ సభకు మూడింట రెండొంతుల మంది రావాలన్నారు. 2012లో సగం మంది చాలన్నారు, వచ్చినవాళ్ళలో కనీసం మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలని షరతు పెట్టారు.