బొమ్మ తలకు కొలత

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాయమని సంపాదకులు అడిగారు. రాజుల చరిత్ర, కోటల చరిత్ర వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. ఆదోని, ఎమ్మిగనూరు కచేరీలలో 36 సంవత్సరాలు గుమాస్తాగా పనిచేసి 2009 జూన్‌లో పదవీ విరమణ చేసిన నేను ఒక బొమ్మ తల చరిత్ర మాత్రం చెప్పగలను.

కోస్తా జిల్లాలలో బొమ్మల కొలువు ఎక్కువగా సంక్రాంతికి పెడతారు. మన రాయలసీమలో దసరాకు పెడతాము. నా శ్రీమతి పుట్టినిల్లు మంత్రాలయం దగ్గర, తుంగభద్ర ఒడ్డున. మా అత్తగారు పెట్టే కొలువులో శెట్టెమ్మ అని మూరెడు బొమ్మ ఉండేది. అది ఆవిడ చేతిపని. ఒళ్ళు గుడ్డతో కుట్టి పత్తి కూరినది. తల మాత్రం పచ్చిమట్టిది; కాల్చకుండా సున్నం పూసి రంగు వేశారు.

అత్తగారు పోయిన రెండేళ్ళకు, అంటే 2009లో, విజయదశమి సెప్టెంబరు 28న వచ్చింది. కొలువు ఎత్తి బొమ్మలు పెట్టెలో సర్దిన నాలుగైదు రోజులకే కర్నూలును, మంత్రాలయాన్ని ముంచిన వరద వచ్చింది. అది మీ అందరికీ జ్ఞాపకమే. నీళ్ళు తీశాక పెట్టె తెరిస్తే శెట్టెమ్మ ఒళ్ళు ఉంది, తల లేదు. కరిగిపోయింది. నా శ్రీమతి ఆ మొండెమును ఉతికి ఆరబెట్టి ఆదోనికి తెచ్చి ట్రంకులో దాచింది. "తల లేని బొమ్మను కొలువులో పెట్టకూడదు" అనేది. పారవేయడానికీ ఒప్పుకోలేదు. అట్లా పదేళ్ళు గడిచాయి.

ఒక దసరా సెలవులలో మా మనవరాలు ఆ మొండెము చూసి, "తాతా, దీనికి తల నువ్వే చెయ్యి" అన్నది. సరే అన్నాను. ఎంత కష్టమో అప్పటికి తెలియదు.

మొదట పెరటి నల్లరేగడి తీసుకున్నాను. మన నల్లరేగడి నీటిని పట్టి ఉంచుతుంది కనుకనే ఆదోని పత్తికి పేరు పొందింది. కానీ తడిస్తే ఉబ్బి, ఆరితే కుదించుకుపోయి బీటలు వారడం దాని గుణం. ఎండాకాలంలో చేను నెర్రెలు విచ్చినట్లే నా బొమ్మ తల కూడా విచ్చింది. ఎమ్మిగనూరు వైపు ఒక కుమ్మరి చెరువు బంకమన్నులో సన్న ఇసుక కలిపి ఇచ్చాడు. దానిని నీడలోనే ఆరబెట్టమన్నాడు. ఈసారి పగలలేదు.

అయితే ముఖం కుదరలేదు. మా ఆవిడ చూసి, "కోతి మాదిరి ఉందండీ" అన్నది. నేను కళ్ళను నుదుటి పైకి ఎక్కించాను. కొత్తగా చేసేవారు అందరూ చేసే తప్పే ఇది. కళ్ళు, ముక్కు, నోరు మీదే దృష్టి నిలిచి, పైన ఉన్న నెత్తిని మరచిపోతాము.

ఈ చిక్కుకు జవాబు క్రీస్తుశకం 6వ శతాబ్దంలోనే వరాహమిహిరుడు బృహత్సంహితలో వ్రాసి ఉంచాడు. విగ్రహం ముఖం 12 అంగుళాలు. అందులో నుదురు నాలుగు, ముక్కు నాలుగు, గడ్డం నాలుగు. చెవులు కూడా నాలుగే. ఈ అంగుళం మన స్కేలు మీది అంగుళం కాదు, ఆ విగ్రహానికి చెందిన సొంత అంగుళం. అందువల్ల గోపురమంత విగ్రహానికైనా, మూరెడు బొమ్మకైనా లెక్క ఒక్కటే. ద్రావిడుల కొలతలో ముఖం పొడవు 14 అంగుళాలని నగ్నజిత్తు చెప్పినట్లు కూడా అక్కడే ఉంది. దేశభేదాన్ని బట్టి ముఖం మారుతుందని ఆ కాలానికే గుర్తించారన్న మాట.

పాత కచేరీ స్కేలు, ఒక దారం తీసుకుని కూర్చున్నాను. జుట్టు మొదలు నుంచి గడ్డం వరకు 6 సెంటీమీటర్లు. దానిని రెండేసి సెంటీమీటర్ల చొప్పున మూడు భాగాలు చేశాను: కనుబొమల వరకు ఒకటి, ముక్కు కొన వరకు ఒకటి, గడ్డం వరకు ఒకటి. పైన నెత్తికి 1 సెంటీమీటరు. మొత్తం తల 7. సరిగ్గా నడుమ, మూడున్నర దగ్గర, కళ్ళు. రెండు కళ్ళ మధ్య ఇంకొక కన్ను పట్టేంత ఎడం. చెవి కనుబొమ నుంచి ముక్కు కొన వరకు. పక్క నుంచి చూస్తే తల లోతు దాదాపు ఎత్తంత ఉండాలి. నేను మొదట వెనుక భాగాన్ని రొట్టె మాదిరి చదును చేశాను.

ఈసారి ముఖం కుదిరింది. మళ్ళీ నీళ్ళకు కరగకూడదని కుమ్మరి ఆవంలో కాల్పించాను. ఢామ్మని పగిలింది. "గట్టి ముద్ద కదా సార్, లోపల తడి ఆవిరై పగులుతాది. డొల్లగా చెయ్యాల" అన్నాడు కుమ్మరి. మరుసటి తలను కొంచెం ఆరాక దారంతో రెండు చెక్కలుగా కోసి, లోపల తోడి, పల్చటి బురదతో అతికించాను.

సంగారెడ్డి దగ్గరి కొండాపూర్‌లో 1940ల తొలి ఏళ్ళలో తవ్వకాలు జరిగాయి. శాతవాహనుల నాటి మట్టిబొమ్మలు అక్కడ దొరికాయి. ముందు సగానికి ఒక అచ్చు, వెనుక సగానికి ఒక అచ్చు వేసి, రెండూ అతికి డొల్లగా చేసినవి వాటిలో ఉన్నాయి. ఇంచుమించు 2000 సంవత్సరాలకు కూడా ఆ తలల మీది జుట్టు ముడులు తెలుస్తున్నాయి. కాల్చినవి కనుక నిలిచాయి. కాల్చని బొమ్మలు చేసిన తల్లులు ఆ ఊళ్ళలో ఎందరో ఉండి ఉంటారు. వారి పని మట్టిలో కలిసిపోయింది, మా అత్తగారిది ఏటిలో కలిసినట్లు.

కొండపల్లివారి పద్ధతి వేరు. తేలికైన తెల్లపొణికి కర్రతో ఒళ్ళు, చేతులు విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. సన్నని వివరాలు ఆ మక్కుతోనే తీర్చి, సున్నం పూసి రంగులు వేస్తారు. ఆ కొలతలు తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి వచ్చినవి.

కిందటి దసరాకు శెట్టెమ్మ మళ్ళీ కొలువులో కూర్చున్నది. మా ఆవిడ చాలాసేపు చూసి, "అమ్మ చేసినట్టు లేదు. అయినా ముఖం ముఖంలా ఉంది, ఉండనీండి" అన్నది. ఆమె చెప్పినది నిజం. అత్తగారు ఏ శాస్త్రమూ చదవలేదు. బొటనవేలితోనే కొలత పట్టేవారు. నేను ఊరందరి పొలాల కొలతలు రిజిస్టర్లలో ఎక్కించిన గుమాస్తాను. ఇంట్లో ఆవిడ ఎన్నో ఏళ్ళు బొమ్మలకు రంగులు దిద్దుతుంటే పక్కనే కూర్చుని కాఫీ తాగాను కానీ, "ఎట్లా చేస్తారమ్మా" అని ఒక్కసారి అడగలేదు.

మిత్రులారా, మీ ఇళ్ళలో బొమ్మ చేసే చేయి గాని, ముగ్గు పెట్టే చేయి గాని, ఊరగాయ కలిపే చేయి గాని ఉంటే, ఆ కొలత అడిగి ఒక కాగితం మీద వ్రాసి ఉంచండి. నా కొలతల కాగితం మా మనవరాలి దగ్గర ఉన్నది.