లోకల్ సర్వర్

లోకల్ సర్వర్ అంటే తయారీలో ఉన్న వెబ్‌సైటును ఇంటర్నెట్‌లో పెట్టకముందే ఇంటి కంప్యూటర్‌లో నడిపి చూసుకోవడానికి పెట్టుకునే వెబ్ సర్వర్. పుటను అడిగే బ్రౌజరూ, దాన్ని అందించే సర్వరూ ఒకే యంత్రంలో ఉంటాయి. ఆ యంత్రం తనను తాను పిలుచుకునే పేరు లోకల్‌హోస్ట్, చిరునామా 127.0.0.1. నిజానికి 127తో మొదలయ్యే చిరునామాలన్నీ, అంటే కోటీ 67 లక్షలకు పైగా, ఈ పనికే కేటాయించారు. వాడుకలో ఉన్నది మాత్రం దాదాపు ఈ ఒక్కటే. ఆ దారిన వెళ్లే సమాచారం కంప్యూటర్ గడప దాటదు కాబట్టి నెట్ లేకపోయినా పని ఆగదు. ఈ వ్యాసం ప్రధానంగా తెలుగు పుటలు తయారుచేసేవారి అవసరాలను దృష్టిలో పెట్టుకుంది. ఉదాహరణ తెలుగూ కన్నడమూ కలిసి వినిపించే కర్నూలు జిల్లా పడమటి మండలమైన చిప్పగిరి నుంచి తీసుకున్నది.

చరిత్ర

ఆ మాటకొస్తే మొట్టమొదటి వెబ్ సర్వరే ఒక బల్లమీది కంప్యూటర్. 1990 చివర్లో సెర్న్‌లో వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ తన నెక్స్ట్ యంత్రంలోనే సర్వర్‌నూ బ్రౌజర్‌నూ నడిపాడు. ఇళ్లలో నేడు వాడే సరంజామాలో ముఖ్యమైన వెబ్ సర్వర్ అపాచీ, పుటలు రాసే భాష పీహెచ్‌పీ రెండూ 1995లో వచ్చాయి. సమాచారాన్ని పట్టికల్లో దాచే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్ మొదటి విడుదలను కొందరు 1995 మేలో చూపుతారు. బయటివారికి అందింది 1996లోనే కదా అని మరికొందరంటారు. వాడేవారి వైపు నుంచి చూస్తే రెండో లెక్కే సబబు. ఈ మూడింటినీ విడివిడిగా దించుకొని ఒకదానితో ఒకటి కలపడం అప్పట్లో పెద్ద తలనొప్పి. 2002లో అపాచీ ఫ్రెండ్స్ బృందం అన్నింటినీ ఒకే మూటగా కట్టి జాంప్ పేరుతో ఇచ్చాక ఆ శ్రమ చాలావరకు తప్పింది. విండోస్ వాడేవారికి వాంప్, మాక్‌కు మాంప్, లినక్స్‌లో ల్యాంప్ కూర్పు ఉన్నాయి. 2012లో వచ్చిన పీహెచ్‌పీ 5.4 తనతోపాటే ఒక చిన్న సర్వర్‌ను తెచ్చింది. చిన్న పనులకు అది చాలు.

ఏర్పాటు

జాంప్‌ను ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాకుండా నేరుగా సీ డ్రైవ్‌లో పెట్టుకోవడం మేలు. లేకపోతే విండోస్ అనుమతుల దగ్గర అడ్డుపడుతుంది. సైటు ఫైళ్లు జాంప్‌లోని హెచ్‌టీడాక్స్ ఫోల్డర్‌లోకి వెళ్తాయి. అపాచీ మొరాయించిందంటే మొదట చూడాల్సింది 80వ పోర్టునే. విండోస్ సొంత వెబ్ సర్వర్ అయిన ఐఐఎస్, ఒకప్పటి స్కైప్ దాన్ని ముందే పట్టుకొని కూర్చునేవి. అపాచీని 8080కి మార్చుకుంటే గొడవ తీరుతుంది, కాకపోతే చిరునామా చివర ఆ అంకె రాయాలి.

తెలుగు సమాచారం

ఇంటి సర్వర్‌లో తెలుగు సరిగ్గా కనబడినంత మాత్రాన సరిగ్గా ఉన్నట్టు కాదు. చాలా వివరణలు చెప్పకుండా వదిలేసే సంగతి ఇదే.

మైఎస్‌క్యూఎల్ 4.1 (2004) నుంచి ప్రతి పట్టికకూ లిపి సంకేత పద్ధతి చెప్పే వీలుంది. చెప్పకపోతే యూరోపియన్ భాషల పద్ధతి అయిన లాటిన్-1 అనుకునేది, అదీ స్వీడిష్ అకారాది క్రమంతో. ఆ సంస్థ పుట్టింది స్వీడన్‌లో. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో తెలుగు సంకేతం ప్రతిదీ మూడు బైట్లు. పట్టికా, దానికి పుట పెట్టుకున్న కనెక్షనూ రెండూ లాటిన్-1లో ఉంటే ఈ మూడు బైట్లూ మూడు యూరోపియన్ అక్షరాలుగా లోపలికి వెళ్తాయి, అదే తప్పుతో బయటికి వస్తాయి. తప్పూ తప్పూ కొట్టేసుకొని తెరమీద తెలుగు చక్కగా కనిపిస్తుంది. పట్టికలను నేరుగా చూపే పీహెచ్‌పీమైఅడ్మిన్ తెరిచి చూస్తేనే గుట్టు బయటపడుతుంది. చూడకుండా సైటును అద్దె సర్వర్‌కు తరలిస్తే అక్కడి కనెక్షన్ యూటీఎఫ్-8 కావడంతో పుటంతా పిచ్చిగీతలు.

ఆ గీతలను చదవవచ్చు. ప్రతి తెలుగు సంకేతమూ వాలుగీత పెట్టిన ఒక రోమన్ అక్షరంతో మొదలవుతుంది. రెండో గుర్తు అచ్చులకు, హల్లులకు, సున్నకు, దీర్ఘానికి, గుడికి ° అవుతుంది. గుడిదీర్ఘం నుంచి కొమ్ములు, ఎత్వాలు, ఒత్వాలు, పొల్లు దాకా ± అవుతుంది. కన్నడానికి ఇవే స్థానాల్లో ², ³ వస్తాయి. చిప్పగిరిలో 1755లో కాలం చేసిన హరిదాసు విజయదాసరు గురించి ఒక పుట కడుతున్నామనుకుందాం. ఆయన కీర్తనలు కన్నడంలో ఉన్నాయి కనుక పుటలో రెండు లిపులూ ఉంటాయి. పాడైన పట్టికలో ఏ వరుస ఏ భాషదో ఈ గుర్తులే చెబుతాయి. ఇలాంటి సమాచారం పోయినట్టు కాదు. నిలువు వరుసను ముందు బైనరీలోకి, అక్కడి నుంచి యూటీఎఫ్-8లోకి మారిస్తే తెలుగు తిరిగొస్తుంది. ముందు నకలు తీసుకోవాలని వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం వేరే కథ. కనెక్షన్ యూటీఎఫ్-8, పట్టిక లాటిన్-1 అయినప్పుడు ‘తెలుగు’ అన్న మాట ఆరు ప్రశ్నార్థకాలుగా నిల్వ అవుతుంది. మూలం ఇంకెక్కడైనా ఉంటే సరే, లేకపోతే అంతే.

తెలుగుకు నాలుగు బైట్ల యూటీఎఫ్-8 పద్ధతి తప్పనిసరి అని తరచూ రాస్తుంటారు. 2010లో వచ్చిన ఆ పద్ధతి మంచిదే, 2018 నాటి మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి అడగకుండానే వస్తుంది కూడా. కానీ తెలుగుకు యూనికోడ్ కేటాయించిన 128 స్థానాలూ మూడు బైట్లలోనే ఇముడుతాయి కాబట్టి పాత పద్ధతిలోనూ తెలుగు భద్రమే. తేడా వచ్చేది ఎమోజీల దగ్గర.

అక్షరాల లెక్కలోనూ ఇలాంటి చిక్కే ఉంది. ‘తెలుగు’ పొడవెంత అని పీహెచ్‌పీలో మామూలు పద్ధతిన అడిగితే 18 అంటుంది, బహుబైట్ ఫంక్షన్‌తో అడిగితే 6. మనం బడిలో లెక్కపెట్టే 3 రావాలంటే ఇంటల్ అనే అనుబంధాన్ని చేతనం చేసుకోవాలి. సారాంశం కోసం వాక్యాన్ని 100 దగ్గర కత్తిరించే కోడ్ కొమ్మునో, ఏకంగా అక్షరం మధ్యనో తెంపేది ఈ లెక్క తెలియకే.

యూనికోడ్‌కు ముందు ఈ బాధ ఉండేది కాదు. పత్రికల సైట్లు సొంత ఫాంట్లతో నడిచేవి. రోమన్ సంకేతాలకే తెలుగు రూపులు తొడిగేవారు కనుక లాటిన్-1 పట్టికలకు అభ్యంతరమేమీ లేదు. ఆ పుటలను యూనికోడ్‌లోకి మార్చి చూపిన ‘పద్మ’ అనే ఉపకరణాన్ని తయారుచేసిన వెన్న నాగార్జునే 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు పునాది వేశారు.

కరెంటు పోయినప్పుడు

యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో కరెంటు పోతే అపాచీకి ఏమీ కాదు, డేటాబేస్‌కే ముప్పు. కరెంటు వచ్చాక జాంప్ పలకలో మైఎస్‌క్యూఎల్ అనూహ్యంగా ఆగిపోయిందన్న ఎర్ర అక్షరాలు పడతాయి. (పేరు అదే అయినా 2015 చివరి నుంచి అందులో ఉన్నది మరియాడీబీ.) మైఎస్‌క్యూఎల్ ఫోల్డర్‌లోని బ్యాకప్‌ను డేటా ఫోల్డర్‌లోకి నకలు చేయమన్న చిట్కా బాగా ప్రచారంలో ఉంది. అది పనిచేస్తుంది, ఒక షరతు మీద: పాత డేటా ఫోల్డర్‌ను చెరిపేయకుండా పేరు మార్చి ఉంచాలి, అందులోని ఐబీడేటా1 అనే ఫైలునూ, సొంత డేటాబేస్‌ల ఫోల్డర్లనూ కొత్తదానిలోకి తెచ్చుకోవాలి. ఆ ఫైలును మరిచిపోతే పట్టికల పేర్లు కనిపిస్తాయి, తెరుచుకోవు.

బయటినుంచి చూడటం

ఒకే వైఫైలో ఉన్న ఫోన్ నుంచి సైటును చూడాలంటే లోకల్‌హోస్ట్ అని కొడితే రాదు. ఆ పేరు ఫోన్‌కు ఫోన్‌నే సూచిస్తుంది. కంప్యూటర్‌కు రూటర్ ఇచ్చిన చిరునామా, సాధారణంగా 192.168తో మొదలయ్యేది, కొట్టాలి. ఫైర్‌వాల్ అనుమతీ కావాలి. ఊరవతలివారికి చూపించడం కష్టం. చాలా ఇంటి కనెక్షన్లలో ఒకే బయటి చిరునామాను అనేకమంది చందాదారులు పంచుకుంటారు.

పేర్లు

సొంత సైటుకు ఇంట్లో ఒక పేరు పెట్టుకునేవారు ఒకప్పుడు చివర ‘డాట్ డెవ్’ అని తగిలించేవారు. ఆ కొస గూగుల్ చేతికి వెళ్లి, 2017 డిసెంబరు నాటి క్రోమ్ 63 దానికి భద్ర కనెక్షన్ తప్పనిసరి చేయడంతో ఇళ్లలోని సైట్లు ఒక్కసారిగా తెరుచుకోవడం మానేశాయి. ‘డాట్ టెస్ట్’, ‘డాట్ లోకల్‌హోస్ట్’ అనే కొసలను 1999లోనే ఎవరికీ అమ్మకుండా పక్కన పెట్టి ఉంచారు. కొత్తగా పెట్టుకునేవారు వీటిలో మొదటిదాన్ని వాడుకోవచ్చు.