కళ్లజోడు అద్దం, కాగితాల లెన్స్

విజయనగరం జిల్లాలోని రామతీర్థం వచ్చినవాళ్లలో బోడికొండ మెట్లెక్కేవాళ్లే ఎక్కువ. గురుభక్తులకొండ దాకా వెళ్లేవాళ్లు తక్కువ. 1910-11లో పురావస్తు శాఖ తరఫున అలెగ్జాండర్ రీ అక్కడ తవ్వించి బౌద్ధ స్తూపాన్నీ, చైత్యాలనూ, విహారాలనూ వెలికితీశాడు. బ్రాహ్మీ అక్షరాలున్న మట్టి ముద్రలు కూడా దొరికాయి. కెమెరా పట్టుకుని ఈ కొండల్లో తిరిగేవాడిని రెండు లోకాలు ఊరిస్తాయి. ఒకటి పాత ఇటుకల మీద వాలే తూనీగలది, రెండోది అరచేతిలో పట్టే ఆ ముద్రల్లాంటి పాత వస్తువులది. రెండింటికీ బాగా దగ్గరకు పోవాలి. మాక్రో లెన్స్ కొనాలా, క్లోజప్ ఫిల్టర్ సరిపోతుందా అని కుర్రాళ్లు అడుగుతుంటారు. అవి ఏ అవసరానికి పుట్టాయో తెలిస్తే జవాబు సగం దొరికినట్టే.

ముందు పుట్టింది క్లోజప్ అద్దమే. గత శతాబ్దపు తొలి రోజుల్లో కొడాక్ డబ్బా కెమెరాలకు ఫోకస్ తిప్పే ఏర్పాటు ఉండేది కాదు. కాస్త దూరంగా నిలబడితేనే మనిషి స్పష్టంగా పడేవాడు. ఇంట్లో పిల్ల ముఖం నిండుగా తీయాలంటే కుదిరేది కాదు. అందుకని కొడాక్ వాళ్లు లెన్స్ ముందు తొడిగే చిన్న కుంభాకార కటకం ఒకటి అమ్మారు. పేరు పోర్ట్రెయిట్ అటాచ్‌మెంట్. చత్వారం వచ్చినవాళ్లు పెట్టుకునే కళ్లజోడులో ఉండేదీ ఇలాంటి అద్దమే, పనిచేసే తీరూ అదే. దాని బలాన్ని కొలిచేదీ డయాప్టర్లలోనే. ఆ కొలతకు 1872లో పేరు పెట్టింది మోనోయే అనే ఫ్రెంచి కంటి వైద్యుడు. ప్లస్ 2 అద్దం తొడిగి లెన్స్‌ను అనంత దూరానికి తిప్పిపెడితే, అద్దానికి సరిగ్గా అర మీటరు దూరంలో ఉన్నది స్పష్టంగా కనిపిస్తుంది. ప్లస్ 4 అయితే పాతిక సెంటీమీటర్లు.

ఒంటి అద్దానికి ఒక జబ్బుంది. రంగులన్నిటినీ ఒక్కచోటికి చేర్చలేదు. తూనీగ రెక్క అంచున ఊదా గీత పడుతుంది, ఫొటో మూలలు అలుక్కుపోతాయి. దీనికి మందు దూరదర్శినుల వాళ్ల దగ్గర ఎప్పుడో ఉంది. రెండు రకాల గాజులను జతచేసి ఒకదాని దోషాన్ని మరొకదానితో సరిచేసే పద్ధతికి లండన్‌లో జాన్ డాలండ్ 1758లోనే పేటెంటు తీసుకున్నాడు. నికాన్ 5టి, 6టి, కెనాన్ 500డి, 250డి అటాచ్‌మెంట్లు ఈ జంట గాజులతో చేసినవే. 500డి అంటే ఆ అద్దం ఫోకల్ లెంగ్త్ 500 మిల్లీమీటర్లని అర్థం. 300 మిల్లీమీటర్ల జూమ్‌కు దాన్ని బిగించి, ఫోకస్‌ను అనంతం దగ్గర ఉంచితే, 300ని 500తో భాగించినంత, అంటే 0.6 రెట్ల బొమ్మ సెన్సర్ మీద పడుతుంది. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో ఆరు సెంటీమీటర్ల వెడల్పు ఫొటో నిండుగా వస్తుంది. పెద్ద తూనీగకు అది చాలు. పైగా అర మీటరు దూరంలో ఉన్నాం కాబట్టి అది బెదిరి ఎగిరిపోదు. వెలుతురు తగ్గదు. సంచీలో బరువూ పెరగదు.

మాక్రో లెన్స్ కథ వేరు. 1955లో హైంజ్ కిల్ఫిట్ లిక్టన్‌స్టైన్ అనే చిన్న దేశంలో తయారుచేసిన 40 మిల్లీమీటర్ల మాక్రో కిలార్, ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలకు వచ్చిన తొలి మాక్రో లెన్స్. నాకు ఎక్కువ ఇష్టమైన కథ మాత్రం ఆ మరుసటి ఏటిది. జపాన్‌లో పత్రాలను మైక్రోఫిల్మ్ మీదికి ఎక్కించే పని మొదలైంది. ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయిన లెన్సులు కంజీ లిపి దగ్గర చేతులెత్తేశాయి. ఒక్కో అక్షరంలో పదీ పదిహేను గీతలు. రెండు గీతలు కలిసిపోతే మాటే మారిపోతుంది. మన వత్తులూ గుడులూ చిన్న అచ్చులో ఎలా ముద్దకడతాయో చూసినవాళ్లకు ఆ ఇబ్బంది తెలుసు. ఆ అవసరం కోసం నికాన్ 1956లో 5 సెంటీమీటర్ల మైక్రో నిక్కోర్ తెచ్చింది. అంటే దానికి మొదటి పని కాగితం, పురుగు కాదు.

ఆ పుట్టుక గుణం ఇప్పటికీ పోలేదు. మామూలు లెన్స్‌ను దూరపు దృశ్యాల కోసం సరిచేస్తారు. దగ్గరకు వచ్చేకొద్దీ దాని దోషాలు పైకి తేలతాయి. మాక్రో లెన్స్‌ను దగ్గరి చూపు కోసమే లెక్కగడతారు. చదునైన తాళపత్రాన్ని ఎదురుగా పెట్టి తీస్తే నడుమ అక్షరం ఎంత పదునుగా ఉంటుందో మూలన అక్షరమూ అంతే పదునుగా ఉంటుంది. నాణెం, మట్టి ముద్ర విషయంలోనూ అంతే. పక్కనుంచి ఏటవాలుగా వెలుతురు పడనిస్తే అరిగిన గీతలు లేచి కనిపిస్తాయి. అప్పుడు అంచు దాకా స్పష్టత లేకపోతే అక్షరం పోల్చుకోలేం. దీనికి చెల్లించే మూల్యం ధర ఒక్కటే కాదు. వస్తువంత బొమ్మ తీసే సరికి సెన్సర్‌కు చేరే వెలుతురు రెండు స్టాపులు తగ్గుతుంది. స్టాండు తప్పదు. కెమెరాకూ లెన్స్‌కూ మధ్య తొడిగే, గాజు లేని ఎక్స్‌టెన్షన్ ట్యూబుకూ ఇదే బెడద.

చేతిలో మంచి టెలీ జూమ్ ఉండి, పురుగులూ పూలే మీ లోకమైతే, మాక్రో లెన్స్ కోసం అప్పు చేయకండి. ఒంటి అద్దాల చవక సెట్టు జోలికీ పోకండి. జంట గాజుల అటాచ్‌మెంట్ ఒకటి కొనుక్కుని కొండెక్కండి. ఇంట్లో తాతల నాటి తాళపత్రాలో, నాణేలో, దస్తావేజులో ఉంటే మాత్రం మాక్రో లెన్స్ అద్దెకైనా తెచ్చి, అవి మరింత చెడిపోకముందే ఫొటోలు తీసి పెట్టండి.