పెద్ద మైసూరు, మన మూడు తాలూకాలు

మన చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి పక్క చానా ఇండ్లల్లో తెలుగు, బడిలోనూ కచేరీలోనూ కన్నడ. భాషను బట్టి రాష్ట్రాలు గీసిన 1956లో మనం ఇటే ఎట్ల ఉండిపోతిమని మా పిల్లలు అడుగుతుంటారు. జవాబు కెంగల్ హనుమంతయ్య కాలంలో ఉంది.

1952లో మైసూరు ముఖ్యమంత్రి అయిన ఆయన, అంతకుముందు రాజ్యాంగ సభ సభ్యులు. 3వ అధికరణం ఆయనకు తెలియంది కాదు. రాష్ట్రాల ఎల్లలు మార్చేది పార్లమెంటు. శాసనసభను అభిప్రాయం అడుగుతారు, అంతే, ఒప్పుకోవాలనేం లేదు. 1955 డిసెంబరులో 5వ సవరణ ఆ అభిప్రాయానికీ గడువు పెట్టింది.

ఫజల్ అలీ కమిషన్ నివేదిక 1955 సెప్టెంబరులో వచ్చింది. ధారవాడ, బిజాపుర, గుల్బర్గా, దక్షిణ కన్నడ అన్నీ కలిస్తే 90 లక్షల మైసూరు ఇంచుమించు 1 కోటి 90 లక్షల రాష్ట్రం అవుతుంది. వెనుకబడిన జిల్లాల బరువు మనమెందుకు మొయ్యాలని పాత మైసూరు నాయకులు చానామంది ఎదురు తిరిగిరి. కలిస్తే ఒక్కలిగుల పట్టు తగ్గుతుందనే లెక్క కూడా ఉండె. హనుమంతయ్య తానూ ఒక్కలిగుడే, అయినా ఏకీకరణ వైపే నిలబడ్డారు. 1956 ఆగస్టులో ఆయన కుర్చీ దిగిరి. నవంబరు 1న పెద్ద రాష్ట్రం పగ్గాలు నిజలింగప్ప చేతికి పోయె.

ఇంతవరకు పెద్దమనసే. కానీ తూకంలో ఇంకో పక్క చూడాల. కన్నడిగులంతా ఒక చోట చేరాలనేది సూత్రం. బళ్ళారిని ఆంధ్రకు ఇమ్మని కమిషన్ చెప్పినా, ఆ సూత్రం పట్టుకునే మైసూరు వదల్లేదు. అదే కొలత తెలుగు మాట్లాడే కోలారు తాలూకాలకు పెడితే? మన తాలూకాలు అప్పట్లో కోలారు జిల్లాలోవే. అక్కడ మాత్రం పాత ఎల్లే నిలిచె.

మేము దీనికి ఏడ్వం. మన సంత, సాగు, చదువు అన్నీ బెంగళూరు దారినే. కానీ ఎల్ల మార్చనప్పుడు ఇచ్చిన మాట ఒకటుంది. 1956లోనే 7వ సవరణతో వచ్చిన 350ఎ అధికరణం, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక చదువు తల్లిభాషలో అందేలా రాష్ట్రం ప్రయత్నించాల అంటుంది. ప్రయత్నించాల, అంతే. శాసనసభకు అభిప్రాయం ఎంతో, మన పిల్లలకు ఆ ప్రయత్నమూ అంతే. రాష్ట్రం పెద్దదయిన లెక్క తేలింది. ఈ బాకీ తేలేది మన ఊరి ఒకటో తరగతిలో.