దివాలా, ఐ.పి., పాపర్: మాటలు మూడు, అర్థాలు వేరు

ఇంగ్లీషులోని "బ్యాంక్రప్ట్" అనే మాటకు రాయచూరు జిల్లా సరిహద్దు ప్రాంతంలో మూడు మాటలు వాడుకలో ఉన్నాయి. తెలుగువారు "దివాలా తీశాడు" అని గానీ "ఐ.పి. పెట్టాడు" అని గానీ అంటారు. కన్నడిగులు "పాపర్ ఆద" అంటారు. ఊళ్లో ఈ మూడింటికీ అర్థం ఒక్కటే. న్యాయస్థానంలో మాత్రం కాదు.

బ్యాంక్రప్ట్ అనే మాటకు మూలం ఇటలీ భాషలో "విరిగిన బల్ల". అప్పు తీర్చలేని వడ్డీ వ్యాపారి బల్లను విరగగొట్టేవారని కథ. పట్టపగలు దీపం వెలిగించి దుకాణం ఎత్తివేసిన వర్తకుల నుండి "దివాలా" పుట్టిందని మన వైపు ఇంకొక కథ. పాపర్ సంగతి వేరు. అది కోర్టు ఫీజు కట్టలేని పేదవానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ పెట్టిన పేరు. 1976 సవరణతో ఆ పేరు కూడా మారింది. అప్పులు ఎగవేయడానికీ దానికీ సంబంధం లేదు.

ఐ.పి. అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. అది అర్జీ మాత్రమే, తీర్పు కాదు. 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం కింద జిల్లా న్యాయస్థానం గానీ, ఆ అధికారం పొందిన దిగువ న్యాయస్థానం గానీ విచారించి ఉత్తర్వు ఇచ్చిన తరువాతనే మనిషి దివాలాదారు అవుతాడు. బ్యాంకు నోటీసు వచ్చినంత మాత్రాన, వాయిదా తప్పినంత మాత్రాన ఎవరూ దివాలా తీసినట్లు కాదు. 2016లో వచ్చిన దివాలా స్మృతి ఎక్కువగా కంపెనీలకు అమలవుతున్నది. వ్యక్తుల విషయంలో, కంపెనీ అప్పులకు హామీ నిలిచినవారికి మాత్రమే 2019 డిసెంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. కనుక రైతుకూ చిల్లర వర్తకునికీ నేటికీ పాత చట్టమే దిక్కు.

ఉత్తర్వు వెలువడితే ఆస్తి న్యాయస్థానానికి లేదా రిసీవరుకు దఖలు పడుతుంది. అయితే అంతా పోతుందనుకోవడం పొరపాటు. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, ఆచారం ప్రకారం స్త్రీ తీయరాని ఆభరణాలు, రైతు నివసించే ఇల్లు, సేద్యపు పనిముట్లు, బ్రతుకుతెరువుకు అవసరమని న్యాయస్థానం తలచిన పశువులు, విత్తనాలు జప్తుకు రావు. తనఖా పెట్టినదానిపై మాత్రం తనఖాదారు హక్కు చెక్కుచెదరదు.

ఐ.పి. పెట్టబోయేవాడు పొలం ముందుగానే భార్య పేరనో బావమరిది పేరనో వ్రాయించడం ఊళ్లలో అందరికీ తెలిసిన విద్యే. అర్జీకి ముందు రెండేళ్లలోపు అలా చేసిన బదిలీని న్యాయస్థానం రద్దు చేయవచ్చును. సద్బుద్ధితో తగిన వెల ఇచ్చి కొన్నవారికి ఆ భయం లేదు.

సింధనూరు, మాన్వి క్యాంపుల వరి రైతులైనా, నది ఆవలి నుండి పత్తి బండి తెచ్చేవారైనా, ఎక్కువగా ఈ మాటను అప్పు ఇచ్చినవారి స్థానంలో ఉండి వింటారు. సరుకు తీసుకున్న వ్యాపారి ఐ.పి. పెట్టాడని తెలిసిన రోజున దుకాణం ముందు గుమిగూడి ప్రయోజనం లేదు. ఉత్తర్వు తరువాత న్యాయస్థానం అనుమతి లేకుండా విడిగా దావా కూడా వేయరాదు. తన బాకీని ప్రమాణపత్రంతో రుజువు చేసి, అప్పులవారి జాబితాలో పేరు ఎక్కించుకోవాలి. అప్పుడే వచ్చినదానిలో వాటా దక్కుతుంది. తక్‌పట్టీ, చీటీ, తూకం రసీదు ఉన్నవారికి ఇది తేలిక. నోటిమాటపై సరుకు వేసినవారికి సాక్షులను వెదకుకొనవలసి వస్తుంది.