సర్వనామం ఎవరి పక్షం?

కిషన్‌బాగ్ గల్లీల్లో పిల్లలకు ఇంగ్లీషు చెప్పేవారికి తరచు ఎదురయ్యే తప్పు ఒకటుంది. ‘మై సిస్టర్’ అని సరిగానే మొదలుపెట్టిన పిల్లవాడు తర్వాతి వాక్యంలో ‘హి’ అంటాడు. పక్కనున్న తెలుగింటి పిల్ల ‘ఇట్’ అంటుంది. మాస్టరు ఎర్రసిరాతో కొట్టేసి, ఇద్దరికీ తెలివి లేదని తేలుస్తాడు. నా పేచీ ఆ తీర్పుతోనే.

ఉర్దూలో అన్నకూ అక్కకూ ‘వో’ ఒక్కటే. ‘వో ఆయా’, ‘వో ఆయీ’ అని తేడా క్రియలో తెలుస్తుంది. 1880ల దాకా నిజాం కచేరీలను ఏలిన ఫార్సీలో క్రియలో కూడా ఆ తేడా లేదు. తెలుగు పిల్ల చిక్కు వేరు. అన్న వచ్చిండు; అక్క వచ్చింది, ఆవూ వచ్చింది. చిన్నయసూరి బాలవ్యాకరణం పురుషవాచకాలను ‘మహత్తు’లన్నది, స్త్రీని, పశువును, రాయిని అందులోంచి మినహాయించింది. ఈ విభజన సూరి సృష్టి కాదు, భాషలో అంతకు ముందే ఉంది. పొరుగునున్న తమిళ కన్నడాల్లో మాత్రం స్త్రీకి ఏకవచనంలో వేరే రూపముంది. కాబట్టి దీన్నంతా స్త్రీ అణచివేతగా చదవడం తొందరపాటు. అయితే ‘మహత్తు’ అన్న పేరు ఆకాశం నుంచి ఊడిపడలేదు గదా!

మన సర్వనామాలు లింగం కంటే ముందు అంతస్తును అడుగుతాయి. ‘ఆమె’ ఎవరు, ‘అది’ ఎవరు? తెలంగాణ భూస్వామ్య వ్యవస్థలో వెట్టి చేసే ముసలివాడు దొర ఇంటి పసివాళ్లకు సైతం ‘వాడు’. అతని భార్య ‘అది’. దొర ఎదుట అతనికి ‘నేను’ అనే మాట కూడా లేదు, ‘నీ బాంచెను’ తప్ప. పట్నంలో అర్జీ రాసిన చదువరి మాత్రం ఏం చేశాడు? ‘నేను’ బదులు ‘ఫిద్వీ’ అని రాసుకున్నాడు. 1946-51 రైతాంగ సాయుధ పోరాటం భూమితోపాటు ఈ ‘నేను’ను కూడా అడిగింది.

ఇంగ్లీషు చరిత్రా నిర్మలమైనది కాదు. 17వ శతాబ్దంలో క్వేకర్లు పెద్దమనుషులను ‘దౌ’ అని, అంటే ‘నువ్వు’ అని పిలిచి దెబ్బలు తిన్నారు. చివరకు అక్కడ ‘దౌ’ వాడుకలోంచి పోయి అందరికీ ‘యూ’ మిగిలింది. మన పిల్లలకు ముందుగా చెప్పవలసింది ఇదే: ఇంగ్లీషు ‘షి’ మనిషి హోదాను అడగదు, దొరసానికీ దాసికీ ఒక్కటే.

పోతే, 1850లో బ్రిటిషు పార్లమెంటు తన చట్టాల్లో పుంలింగ పదాలు స్త్రీలకూ వర్తిస్తాయని శాసించింది. మనదేశంలో 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 13వ సెక్షను అదే మాట చెప్పింది. నేటికీ అమలులో ఉంది. అంటే, చట్టంలో ‘హి’ అని ఉంటే అక్క కూడా అందులో ఉన్నట్టే. కిషన్‌బాగ్ పిల్లవాడు రాసిందీ అదే. ఎర్రసిరా అతని కాగితం మీదనే పడింది.